ఆరు గుడ్ల ఉపవాసం

మా సంఘంలో ఎవరు ఏమి అడిగినా మేము చెప్పే జవాబు ఒకటుంది. పిల్లకు జ్వరం తగ్గిందా అంటే, దేవుని కృప. పంట బాగా పండిందా అంటే, దేవుని కృప. పండకపోయినా అదే మాట. అవునన్నట్టూ ఉంటుంది, గొప్ప చెప్పుకోనట్టూ ఉంటుంది. మొన్నటి శ్రమకాలంలో నేను ఆ మాట చాటున దాక్కున్నాను. ఈస్టరుకు ముందు వచ్చే నలభై ఉపవాస దినాలను మేము శ్రమకాలం అంటాము. నేను దాక్కున్నందువల్ల ఒక మనిషి భుజం ఎముక విరిగింది.

నా పేరు దేవదానం. మాది ఆళ్లగడ్డ. నంద్యాలలో ఒక శనగల గోదాములో పద్దెనిమిదేళ్లుగా కాటా గుమస్తాగా ఉన్నాను. లారీలో వచ్చిన మూటలు కాటా మీదికెక్కితే ఆ తూకం రాసుకోవడం నా పని. రోజూ పొద్దున ఏడు గంటల బస్సుకు పోయి, పొద్దుగూకినాక ఇల్లు చేరతాను. సంఘంలో నన్ను పెద్దగా ఎన్నుకుని ఆరేళ్లయింది. అంతకన్నా నా గురించి చెప్పుకోవలసినది నా ఒళ్లు.

మా తమ్ముడు డేనియలూ నేనూ ఒకే గిన్నెలో సంగటి తిని పెరిగాము. వాడు ఇప్పటికీ పుల్లలా ఉంటాడు. నేను మాత్రం పదేళ్లకే చొక్కా గుండీలు తెంచేవాణ్ణి. వీడు నీళ్లు తాగినా ఒళ్లు చేస్తాడని మా అమ్మ నవ్వేది. అమ్మ నవ్వితే బాగానే ఉండేది. నలభై దాటినాక పొట్ట ముందుకొచ్చింది, మెడ వెనక మడత పడింది, ఆరాధనలో రెండో పాటకే ఆయాసం వచ్చేది. ప్రతి శ్రమకాలంలోనూ ఉపవాసం ఉండేవాణ్ణి. నలభై దినాల్లో మూడు కిలోలు తగ్గి, ఈస్టరు తర్వాత నెలకల్లా అయిదు కిలోలు పెరిగేవాణ్ణి. పోయిన సంవత్సరం గోదాములో ఎవరూ లేనప్పుడు కాటా ఎక్కి చూసుకున్నాను. తొంభై ఆరు.

ఆ సంవత్సరమే శుభ శుక్రవారం నాడు నా పరువు పోయింది. ఆ రోజు మా చర్చి నుంచి నాలుగు రోడ్ల దాకా సిలువను మోసుకుపోయి మళ్లీ తెస్తాము. వేపమానుతో చేసిన సిలువ. సంఘపెద్ద మొదట ఎత్తుకోవాలి, ఆ తర్వాత మగవాళ్లు వంతులు మార్చుకుంటారు. నేను ఎత్తుకుని, రాతి శిల్పాలు చెక్కే షెడ్ల దాకా కూడా పోలేదు. కళ్లు చీకట్లు కమ్మాయి. సిలువను రోడ్డు మీద దించి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. షెడ్డులో ఉలి చప్పుడు ఆగిపోయింది. ఆ చెక్కేవాళ్లు కూడా నన్నే చూస్తున్నారు. వెనక పడుచువాళ్లలో ఒకడు అన్నాడు:

"సిలువ బరువు కాదులేరా, పెద్దాయన కొవ్వు బరువు."

ఏ కొవ్వు గురించి అన్నాడో వాడికి తెలుసు, నాకూ తెలుసు. అప్పుడు సంజీవయ్య ముందుకొచ్చి సిలువను భుజానికెత్తుకున్నాడు. వంతు మార్చుకోకుండా నాలుగు రోడ్లకు పోయి, తిరిగి చర్చి దాకా మోశాడు.

సంజీవయ్య మా గోదాములోనే హమాలీ. మా పేటే, మా సంఘమే. ఆ పనిలో పెట్టించింది నేనే. నాకన్నా అయిదారేళ్లు చిన్నవాడు. యాభై ఎనిమిది కిలోల మనిషి, యాభై కిలోల మూట వీపు మీద వేసుకుని బల్ల మీదుగా నడిచి పైవరసకు చేరుస్తాడు. ఒళ్లంతా తాడు పేనినట్టు ఉంటుంది. ఆ రోజు సాయంత్రం నాతో ఎప్పటిలాగే మాట్లాడాడు. సిలువ ఊసే ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

ఆషాఢ మాసంలో నంద్యాలలో జిమ్ములో చేరాను. టైర్ల కొట్టు పైన మేడ మీద ఉంటుంది. నేర్పించేవాడు హరీష్ అని కోయిలకుంట్ల వైపు మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. ఆళ్లగడ్డ వాళ్లెవరూ చూడని చోటని ఊరికి దూరంగా చేరాను. నలభై ఆరేళ్ల సంఘపెద్ద అద్దం ముందు చేతులు ముడిచి కండ చూసుకుంటున్నాడని తెలిస్తే ఏమంటారు? పోనీ, ఒంటిని బాగుచేసుకోవడం తప్పా? తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటాను. మరి దాచుకోవడం ఎందుకు? అప్పుడు ఈ ప్రశ్న వేసుకోలేదు.

మొదట్లో ఒక తెలివితక్కువ పని చేశాను. కండ పట్టాలంటే బాగా తినాలని ఎవరో చెబితే, పొద్దున నెయ్యి వేసుకుని సంగటి, మధ్యాహ్నం అన్నం రెండింతలు, సాయంత్రం నాలుగు అరటిపండ్లు, చెనిక్కాయల ముద్దలు తిన్నాను. రెండు నెలలకు కాటా ఎక్కితే నూటొకటి. హరీష్ నా నడుముకు టేపు చుట్టి చూసి తల పట్టుకున్నాడు. తర్వాత నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"సన్నగుండేటోనికి చెప్పిన మాట నువ్వు ఇన్యావన్నా. నీ ఒంటికి ఏదైనా బిరీన పడుతుంది. కొవ్వూ పడుతుంది, కండా పడుతుంది. ఏది పట్టాలనో నువ్వే చెప్పల్ల."

అన్నం పిడికెడుకు తగ్గించమన్నాడు. తీపి మానమన్నాడు. రోజుకు ఆరు గుడ్లు తినమని, అందులో రెండింటికే పచ్చసొన, మిగతా నాలుగింటికి తెల్లది మాత్రమే అని చెప్పాడు. ఉడికించిన శనగలు, మజ్జిగ ఎంతైనా పరవాలేదన్నాడు. వారానికి నాలుగు దినాలు బరువులెత్తాలి, నిద్ర పోవాలి, కాటా మాటిమాటికీ ఎక్కకూడదు. అన్నిటికన్నా గట్టిగా చెప్పిన మాట ఇంకొకటుంది. పస్తులుండి బరువులెత్తితే ఒళ్లు కొవ్వును వదిలి కండనే తినేస్తుంది, ఆపైన ఏదో ఒకరోజు కళ్లు తిరిగి పడతావు, పస్తు మాత్రం ఉండొద్దు అన్నాడు. ఆ మాట నాకు బాగా గుర్తుంది. మరిచిపోయానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఇంట్లో నా భార్య లూదియా రోజూ తెల్లవారుజామునే ఆరు గుడ్లు ఉడకబెట్టి డబ్బాలో పెట్టేది. మధ్యాహ్నం గోదాము వెనక గోనెసంచుల గదిలో కూర్చుని తినేవాణ్ణి. పారేసిన పచ్చసొనలకు ఒక ఎర్రకుక్క అలవాటు పడింది. నేను సన్నబడుతున్న కొద్దీ అది లావెక్కింది. నా కొవ్వంతా దానికి పోతోందని లూదియాతో అంటే ఆమె చాలాసేపు నవ్వింది.

సంజీవయ్యకు జిమ్ము సంగతి దీపావళి అప్పుడు తెలిసింది. టైర్ల కొట్టులో అన్‌లోడింగుకు వచ్చి, మెట్లెక్కి పైకి తొంగి చూశాడు. నేను ఇనుప కడ్డీ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేస్తున్నాను. వాడు వాకిట్లోనే నిలబడి, పూర్తయ్యేదాకా చూసి, కిందికి వచ్చినాక అడిగాడు.

"మేము మూటలెత్తితే కూలి ఇస్తారు. నువ్వు ఇనుము ఎత్తి నువ్వే దుడ్లిస్తాండావా అన్నా?"

ఇద్దరం నవ్వాము. ఎవరికీ చెప్పొద్దంటే తల ఊపాడు, ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత అప్పుడప్పుడు, మూట వీపు మీదికి వేసుకునేటప్పుడు నా వైపు చూసి, నువ్వూ ఒకటి ఎత్తన్నా, ఊరికే ఎత్తు అనేవాడు.

శ్రమకాలం మొదలయ్యే నాటికి నా బరువు తొంభై నాలుగే. కాటా చూస్తే పెద్ద తేడా లేదు. కానీ బెల్టు రెండు రంధ్రాలు లోపలికి పోయింది, మెడ మడత పోయింది, మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. కొవ్వు కరిగిన చోట కండ చేరింది, అందుకే కాటాకు తెలియడం లేదని హరీష్ అన్నాడు. మొదటి ఆదివారం ఆరాధన అయినాక ప్రమీల టీచరు నన్ను పరీక్షగా చూసింది. ఆమె మా సండే స్కూలు నడుపుతుంది, సంఘమంతటికీ ఆమె మాటంటే గురి. మొహం పీక్కుపోయింది, గట్టి ఉపవాసమా అన్నా అని అడిగింది.

నేను ఉపవాసం లేను. ఈ ఏడు ఉండలేనని పాస్టరు అయ్యగారితో చెప్పి ఉంటే, తిను నాయనా అనేవారు. సుగరున్నవాళ్లకు, బాలింతలకు అలాగే చెబుతారు. నేను అడగలేదు. అడిగితే జిమ్ము సంగతి చెప్పాలి, జిమ్ము ఎందుకో చెప్పాలి. టీచరు అడిగినప్పుడు నా నోటి నుంచి అదే మాట వచ్చింది.

"దేవుని కృప."

అబద్ధం చెప్పలేదు కదా అని ఇంటికి పోతూ అనుకున్నాను. తర్వాత వారం నలుగురు అడిగారు. నలుగురికీ అదే చెప్పాను. మూడో వారం అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, పడుచువాళ్లకు భక్తి తగ్గిపోతోందని, ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు నేను లేచి నా ఉపవాసం గురించి సాక్ష్యం చెప్పాలని అన్నారు. సాక్ష్యమంటే దేవుడు మన బతుకులో చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పడం. నేను తల వంచుకున్నాను. వినయమనుకుని ఆయన నా భుజం తట్టారు.

ఆ సంగతి లూదియాకు చెబితే, గుడ్లు పొయ్యి మీద పెడుతూ ఆగిపోయింది. ఆమె ఉపవాసం ఉంది. పొద్దున నాకు గుడ్లు ఉడకబెట్టి, తాను సాయంత్రం దాకా మంచినీళ్లతో ఉండేది.

"వొలిచి పెట్టేది నేను. సాక్ష్యం చెప్పేది నువ్వు. పచ్చసొన తినేది కుక్క," అంది. "మన ముగ్గుర్లో కుక్కే నయం, సిరి నాయనా. అది ఉపవాసమని యాడా చెప్పుకోలే."

సిరి మా కూతురు, కర్నూలులో నర్సింగు చదువుతోంది. ఇంట్లో లేకపోవడం మంచిదైంది.

సంజీవయ్య కూడా ఉపవాసం పట్టాడని నాకు బస్సులో తెలిసింది. నంద్యాలలో దిగగానే బస్టాండు ఎదుట బండి దగ్గర బొరుగుల ఉగ్గాని తినడం వాడికి పదేళ్ల అలవాటు. ఆ రోజు బండి దాటి నడిచిపోయాడు. ఏమని అడిగితే, రెండు వారాలుగా రాత్రి ఒక్క పూటే తింటున్నానన్నాడు. హమాలీ పనికి అది కుదరదని, ఎండలు ముదురుతున్నాయని, కనీసం మధ్యాహ్నం ఒక ముద్ద తినమని చెప్పాను.

"నువ్వు పస్తుండి ఇనుము ఎత్తుతాండావు గదన్నా," అన్నాడు. "నీదీ ఒళ్లే, నాదీ ఒళ్లే. నీకు నిలబెట్టే దేవుడు నాకు నిలబెట్టడా?"

జిమ్ము సంగతి తెలిసినవాడు వాడొక్కడే. అందుకే నా ఉపవాసం అందరికన్నా వాడికే గొప్పగా కనబడింది. పస్తుంటే ఒళ్లు ముందు కండను తింటుందని నాకు తెలుసు. వాడికి తెలియదు. అప్పుడే చెప్పి ఉండవచ్చు. బస్టాండులో నిలబడి ఉన్నాము, చుట్టూ ఎవరూ మా ఊరివాళ్లు లేరు. నేను చేతిలోని డబ్బాను ఇంకో చేతిలోకి మార్చుకున్నాను. డబ్బా లోపల గుడ్లు దొర్లాయి. వాడు విన్నాడో లేదో. ఎండ ముదరకముందే పోదాం పద అన్నాను.

నాలుగో వారం ఒకరోజు లారీ రావడం ఆలస్యమైతే హమాలీలు ఆటగా ఒక్కొక్కరే కాటా ఎక్కారు. నేను అంకెలు చదివి చెబుతున్నాను. సంజీవయ్య ఎక్కాడు. యాభై మూడు. కాటా తప్పేమోనని దిగి మళ్లీ ఎక్కాడు. అదే. తర్వాత వాళ్లు నన్నూ ఎక్కమని పట్టుబట్టారు. తొంభై మూడు.

"నా అయిదు కిలోలు యాడికి పాయ?" అన్నాడు సంజీవయ్య నవ్వుతూ. "నీ దగ్గరికి రాలేదు గదన్నా?"

అందరూ నవ్వారు. వాడి మెడ పక్కన ఎముకలు తేలి ఉన్నాయి. పేనిన తాడు వదులైనట్టు చేతులు వేలాడుతున్నాయి. ఆ రోజు మధ్యాహ్నం గోనెసంచుల గదిలో కూర్చుని డబ్బా తెరిచాను. తినకూడదనుకున్నాను. కాసేపు చూసి, తిన్నాను. ఆరూ తిన్నాను. పచ్చసొనలు కూడా. కుక్క వచ్చి, ఏమీ లేదని చూసి, అక్కడే కూర్చుంది.

వాడు పడింది అయిదో వారం, మంగళవారం, పగలు పన్నెండున్నరకు. నేను కాటా దగ్గర రాసుకుంటున్నాను. వాడు మూటతో బల్ల సగం దాకా పోయి ఆగాడు. ఎందుకు ఆగాడా అని తలెత్తాను. మోకాళ్లు రెండూ ఒక్కసారే మడతపడ్డాయి. మూట ఒక పక్కకు, మనిషి ఒక పక్కకు పడిపోయారు. మూట పగిలి శనగలు నేలంతా పరుచుకున్నాయి. పరుగెత్తబోయి ఆ గింజల మీద నేను కూడా జారాను. వాణ్ణి ఆటో దాకా ఎత్తుకుపోయింది నేనే. రెండు చేతుల మీద, ఒక్కణ్ణే ఎత్తుకుపోయాను. అంత తేలిగ్గా ఎత్తగలిగానని ఆటోలో కూర్చున్నాక తెలిసింది. తెలిసి, నా చేతులు నాకే అసహ్యమనిపించాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, మెడ కింద భుజం ఎముక విరిగిందంది. చివరిసారి ఎప్పుడు తిన్నాడని అడిగింది. నిన్న రాత్రి అన్నాను. ఉపవాసం అని చెప్పాను. ఎండలో మూటలు మోసేవాడికి ఇదేం ఉపవాసం, మీరు పెద్దవారిలా ఉన్నారు, మీరైనా చెప్పొద్దా అని ఆమె నన్ను మందలించింది. అవునమ్మా అన్నాను. గ్లూకోజు ఎక్కించి, చెయ్యి మెడకు కట్టి పడుకోబెట్టారు. వాడికి తెలివి బాగానే ఉంది. పైకప్పు చూస్తూ నాతో చెప్పాడు.

"నా భక్తి చాల్లేదన్నా. నీకు నిలిచిన బలం నాకు నిలవలే. నాలో ఏందో పాపముంది."

నేను వాడి మంచం పట్టెను పట్టుకున్నాను. ఇంతకాలం నేను దొంగిలించింది మంచిపేరు మాత్రమే అనుకున్నాను. ఇప్పుడు వాడు తనలో లేని పాపాన్ని వెతుక్కుంటున్నాడు. ఆ పాపం ఎక్కడుందో నాకు తెలుసు. అయినా ఆ రోజు నోరు రాలేదు. వాడి భార్య వచ్చేదాకా కూర్చుని, బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. సాయంత్రం ప్రార్థనకు మోకరించాను కానీ, ప్రభువా అన్న తర్వాత మాట దొరకలేదు. ఆయనకు కూడా దేవుని కృప అని చెప్పలేను కదా.

మర్నాడు లూదియా గుడ్లు ఉడకబెట్టి, నన్నేమీ అడగకుండా డబ్బా చేతికిచ్చింది. నేను గోదాముకు పోకుండా నేరుగా ఆసుపత్రికి పోయాను. సంజీవయ్య ఒక్కడే ఉన్నాడు. భార్య కింద టీ తేవడానికి పోయింది. డబ్బా మూత తీసి వాడి ముందు పెట్టాను. శ్రమకాలంలో గుడ్లేందన్నా అన్నాడు. చెప్పాను. అన్నీ చెప్పాను. హరీష్ చెప్పిన మాట కూడా, బస్టాండులో డబ్బా చెయ్యి మార్చుకున్న సంగతి కూడా.

వాడు డబ్బాలోని గుడ్లు లెక్కపెట్టాడు.

"రోజూ ఆరా?"

"ఆరు."

"నేను కాటా ఎక్కిన దినం గూడా?"

"ఆ దినం గూడా."

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. వాడు బాగున్న చేత్తో ఒక గుడ్డు తీసుకుని, వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పాడు.

"ఒక్కటన్నా నాకియ్యకపోతివే అన్నా," అన్నాడు.

అంతే. ఆ గుడ్డు తిన్నాడు. రెండోది నేను వొలిచి ఇచ్చాను. వాడి భార్య టీ తీసుకుని వచ్చింది. ఆమెకు వాడు ఏమీ చెప్పలేదు.

మట్టల ఆదివారం చర్చి నిండిపోయింది. పిల్లలు ఈతమట్టలు పట్టుకుని పాడుతూ వచ్చి కూర్చున్నాక, అయ్యగారు నన్ను పిలిచారు. ఇన్ని దినాలు దేహాన్ని నలగ్గొట్టి, పని కూడా మానకుండా నిలిచిన మన పెద్ద అని చెప్పి పిలిచారు. నేను మైకు ముందు నిలబడ్డాను. రాత్రంతా తయారు చేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. నేను ఉపవాసం లేనని, ఒక్క దినం కూడా లేనని అన్నాను. జిమ్ముకు పోతున్నానని, కిందటేడు సిలువ దించిన సిగ్గుతో పోయానని, రోజుకు ఆరు గుడ్లు తిన్నానని, మీరడిగినప్పుడల్లా దేవుని కృప అని తప్పించుకున్నానని చెప్పాను. నన్ను చూసి సంజీవయ్య పస్తుండి పడిపోయాడని చెప్పాను.

ముందు వరుసలో వినికిడి తగ్గిన ముసలాయన ఒకరు, ఏమంటాండాడని పక్కనున్న భార్యను అడిగారు. ఆమె ఆయన చెవిలో అరిచి చెప్పింది.

"గుడ్లు తిన్యాడంట."

వెనక వరుసల్లో నవ్వు మొదలైంది. పిల్లలు మట్టలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ప్రమీల టీచరు నవ్వలేదు. తల దించుకుని పాటల పుస్తకం మూసింది. అది నవ్వుకన్నా కష్టంగా ఉంది. అయ్యగారు నా చేతిలోంచి మైకు తీసుకుని, కూర్చో నాయనా అని, పాట ఎత్తుకున్నారు. ఆయన గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. ఆ వారమంతా బజారులో పోతుంటే పడుచువాళ్లు నన్ను గుడ్ల పెద్ద అన్నారు. పెద్దరికం వదులుకుంటానని అయ్యగారికి చెప్పాను. పండగ కానీ, మాట్లాడుకుందాం అన్నారు.

శుభ శుక్రవారం రానే వచ్చింది. చర్చికి పోకూడదనుకున్నాను, కానీ పోకపోతే అది ఇంకొక దాక్కోవడమవుతుందని లూదియా అంది. వెనక గోడ దగ్గర నిలబడ్డాను. మొదట సిలువ ఎవరు ఎత్తుకోవాలన్న మాట వచ్చింది. మాటలు నావైపు రాకుండా అందరూ జాగ్రత్తపడుతున్నారు. సంజీవయ్య చెయ్యి మెడకు కట్టుకుని వచ్చాడు. వాడే అన్నాడు, దేవదానమన్న మోస్తాడని. ఎవరో ముక్కుతో నవ్వారు. నేను దగ్గరికి పోయి, నా చేత కాదు, నాకు తగదు అని మెల్లగా చెప్పాను. వాడు నా మొహంలోకి చూశాడు.

"మొయ్యన్నా. దానికే గదా తిన్యావ్."

ఎత్తుకున్నాను.

శిల్పాల షెడ్లు వచ్చాయి. ఉలి చప్పుడు ఈసారి ఆగలేదు. నా ఊపిరి కూడా ఆగలేదు. కడుపులోంచి గాలి పీల్చి, మడమ మీద బరువు వేసి, హరీష్ నేర్పించినట్టు నా కాళ్లు వాటంతటవే నడుస్తున్నాయి. బరువు తెలియాలని కోరుకున్నాను. మోకాళ్లు వణకాలని, కళ్లు చీకట్లు కమ్మాలని, నలుగురూ చూస్తుండగా మళ్లీ దించవలసి రావాలని ప్రార్థించాను కూడా. సిలువ తేలిగ్గా ఉంది. ఆ తేలిక కోసమే నేను మేడ మెట్లు ఎక్కాను. ఇప్పుడది నాకు దొరికింది. దొరికినదాన్ని దించుకునే చోటు లేదు.

సంజీవయ్య పక్కనే నడుస్తున్నాడు. నాలుగు రోడ్ల దగ్గర, కిందటేడు కొవ్వు మాట అన్న కుర్రాడు వంతు తీసుకోవడానికి చెయ్యి చాపాడు. ఉండనీలే అన్నాడు సంజీవయ్య. అలాగే చర్చి దాకా మోశాను. గోడకు ఆనించి నిలబెట్టి, చొక్కా సర్దుకుంటుంటే వాడు బాగున్న చేత్తో నా భుజం పట్టి నొక్కి చూశాడు. మూట కట్టు బిగువుగా ఉందో లేదో చూసినట్టు చూశాడు.

"కండ పట్టిందన్నా," అన్నాడు. ఎగతాళి లేదు. చూసింది చెప్పాడు.

ఒక మనిషి నోటి నుంచి ఆ మాట వినాలని పది నెలలు ఎదురుచూశాను. దేవుని కృప అనబోయాను. మాట పెదవుల దాకా వచ్చింది.

"గుడ్లు," అన్నాను. "గుడ్లు, సంజీవయ్యా."